తాత చెప్పింది నిజమే: ఫతేమైదాన్ సంగతులు

1999 నవంబరు 8. దీపావళి తెల్లారి. పాతగూడెం నుంచి మేమందరం పండక్కి సిరొంచలో పెద్దబాపు ఇంటికి పోయాం. మా ఊళ్ళో అప్పట్లో కరెంటు ఉన్న రోజుల కన్నా లేని రోజులే ఎక్కువ. అందుకని టీవీలో క్రికెట్ చూడాలంటే సిరొంచే దిక్కు. ఆ రోజు భారత్, న్యూజిలాండ్ వన్డే. సచిన్ 186 నాటౌట్, ద్రవిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగులు. అప్పటికి వన్డేల్లో ఏ వికెట్‌కైనా అదే పెద్ద భాగస్వామ్యం. ఇల్లంతా కేకలు.

తాత అరుగు మీద మంచంలో పడుకుని ఉన్నాడు. మా అరుపులు విని లోపలికొచ్చి, కళ్ళు చికిలించి టీవీ చూసి, "ఏ ఊర్ల ఆడుతున్రురా?" అన్నాడు.

"హైదరాబాద్ తాతా. లాల్ బహదూర్ స్టేడియం."

"గదేడుంది?"

"బషీర్‌బాగ్ దగ్గర" అన్నాడు పెద్దబాపు. "నిజాం కాలేజీ పక్కకు."

తాత మొహం వెలిగింది. "ఓ, ఫతేమైదానా! అది బంతాట మైదానం గదరా. కాలుతోని ఆడే బంతాట. పోలీసోళ్ళ ఆట నేను సూసిన ఆడ. బొంబాయికి పోయి కప్పు తెచ్చినోళ్ళు వాళ్ళు."

అందరం పక్కున నవ్వాం. హైదరాబాద్ పోలీసులేంటి, బొంబాయిలో కప్పు గెలవడమేంటి! అందరికన్నా గట్టిగా నవ్వింది నేను. "నువ్వు సూసింది కబడ్డీ అయ్యుంటది తాతా" అని కూడా అన్నాను. తాత ఏమీ అనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని మళ్ళీ అరుగు మీదికి పోయాడు. ఆ తర్వాత మూడేళ్ళు బతికాడు గానీ ఫతేమైదాన్ మాట మళ్ళీ ఎత్తలేదు. మేమూ అడగలేదు.

మా ఇంటి పిల్లల కోసం రాసి పెడుతున్న సంగతుల్లో ఈ ఒక్కటి దిద్దుబాటు. తాత చెప్పింది ముక్కముక్కా నిజం.

ముందు తాత అక్కడికి ఎట్లా పోయాడో చెప్పాలి. బయట పుట్టిన మన పిల్లలకు పాతగూడెం ఎక్కడుందో తెలియదు. సిరొంచ నుంచి అంకీస, ఆసరెల్లి దాటి వస్తే మహారాష్ట్ర అయిపోయే చోట ఉంటుంది మా ఊరు. ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్, భోపాలపట్నం. ఇటు గోదావరి దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, ఏటి అవతల హిందీ, గోండి. తాత టేకు కూపుల్లో ఒక సావుకారు దగ్గర గుమాస్తా. ఏడాదికి ఒకటి రెండుసార్లు కలప లెక్కలు తేల్చుకోవడానికి సావుకారు హైదరాబాద్ పోతుంటే కాగితాల సంచీ పట్టుకుని తాత కూడా పోయేవాడు. నావలో నది దాటి కాళేశ్వరం, అక్కణ్ణుంచి బండి మీద మంథని, ఆపైన రైలు. ఏటి అవతల నిజాం రాజ్యాన్ని మా పెద్దలు "మొగలాయి" అనేవాళ్ళు. "తాత మొగలాయికి పోయిండు" అంటే వారం పది రోజుల దాకా రాడని అర్థం. లెక్కలు తేలేదాకా ఖాళీగా ఉండే సాయంత్రాల్లో తాత ఊరు తిరిగేవాడు. అట్లా తిరుగుతూ ఒకరోజు గుంపు వెంట పోయి ఫతేమైదాన్‌లో తేలాడట. ఇదంతా తాత పోయాక నానమ్మ చెప్పింది.

నాకు బుద్ధి వచ్చింది 2008లో. మేనకోడలి కాలేజీ పని మీద జూలై చివర్లో హైదరాబాద్ పోయాను. మా బావ, "లాల్ బహదూర్‌లో ఇండియా ఫుట్‌బాల్ ఉంది, పోదామా?" అన్నాడు. ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్. ఆ రోజు ఆట అఫ్ఘానిస్తాన్‌తో. వానాకాలం, మైదానమంతా చిత్తడి. బంతి ఒకచోట జారుతోంది, ఒకచోట బురదలో ఆగిపోతోంది. జనం పలచగా ఉన్నారు. మా పక్కన ఒక ముసలాయన గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరికే మాట కలపడానికి, "ఇక్కడ ఇంతకుముందు కూడా ఫుట్‌బాల్ ఆడేవారా అండీ?" అని అడిగాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఇంకేం ఆడేటోళ్ళు బేటా ఇక్కడ? మా అబ్బా చెయ్యి పట్టుకుని వచ్చేటోణ్ణి. పోలీసు టీమ్ ఆట ఉంటే నిలబడే జాగా కూడా దొరికేది కాదు."

ఆట చివరి నిమిషాల్లో క్లైమాక్స్ లారెన్స్ గోల్ కొట్టాడు. ఒకటి, సున్నాతో గెలిచాం. బావ ఎగిరి గంతేశాడు. నాకు మాత్రం తాత టీవీ ముందు నిలబడ్డ తీరే కళ్ళ ముందు ఆడింది.

ఆ తర్వాత దొరికినప్పుడల్లా చదివాను, పెద్దవాళ్ళను అడిగాను. తెలిసినంత వరకూ వరసగా చెబుతాను.

ఫతే అంటే గెలుపు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గోలకొండను పట్టుకున్నాడు. ఆ ముట్టడిలో మొగలు సైన్యం గుడారాలు వేసింది ఈ ఖాళీ జాగాలోనేననీ, గెలిచాక దీనికి ఫతేమైదాన్ అని పేరు పడిందనీ చెబుతారు. ఆసఫ్ జాహీల కాలంలో ఇది పోలో ఆడే చోటు. దగ్గర్లోనే నౌబత్ పహాడ్. రాజు గారి ఫర్మానాలు చదివేటప్పుడు ఆ గుట్ట మీద నగారా మోగించేవారట. దాని పక్క గుట్ట మీదే 1976లో తెరిచిన బిర్లా మందిరం ఉంది. 1955 నవంబరులో హైదరాబాద్‌లో మొట్టమొదటి క్రికెట్ టెస్టు ఫతేమైదాన్‌లో జరిగింది. న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో మనవాళ్ళు కొట్టిన మొదటి డబుల్ సెంచరీ అది. 1966 జనవరిలో తాష్కెంట్‌లో లాల్ బహదూర్ శాస్త్రి గారు పోయారు. 1967లో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. తాత చూసినప్పటికి ఆ పేరు లేదు. అందుకే తాతకు లాల్ బహదూర్ స్టేడియం తెలియదు, మాకు ఫతేమైదాన్ తెలియదు. ఒకే చోటుకు రెండు పేర్లు. ఆ మాత్రం తేడాకే మేము తాతను వెక్కిరించాం.

ఇక పోలీసోళ్ళ ఆట. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టాడు. బడిపంతులు. హైదరాబాద్‌లో అందరికీ రహీం సాబ్. 1950 నుంచి పోయేదాకా పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. బంతిని కాలి దగ్గరే అట్టిపెట్టుకుని ఒక్కడే గొప్ప చూపించుకోవడం ఆయనకు నచ్చదు. బంతి వచ్చీ రాగానే పక్కవాడికి అందాలి. కుర్రాళ్ళకు ఆయన పెట్టిన పోటీలు చిత్రంగా ఉండేవి. ఒక పోటీలో బంతిని లాక్కుంటూ పోకూడదు, అందించాల్సిందే. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే కొట్టాలి. కుడికాలి వాడు ఎడమతో, ఎడమకాలి వాడు కుడితో. పంతులు కాబట్టే అట్లాంటి ఆలోచన వచ్చిందనిపిస్తుంది నాకు. మన ఊరి బళ్ళో కూడా రాని లెక్కనే పదిసార్లు చేయించేవారు కదా.

ఆయన జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ కప్పు ఎక్కడ ఆడేవారనుకున్నారు? బొంబాయిలో. 1891లో తెల్ల సైనికుల జట్లతో మొదలైన పోటీ అది. "బొంబాయికి పోయి కప్పు తెచ్చినోళ్ళు" అని తాత అన్నది అందుకే. ఒక్కసారి కాదు, ఐదేళ్ళు వరసపెట్టి తెచ్చారు. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరండ్ కప్పు కూడా పట్టుకొచ్చారు.

మహారాష్ట్రలో స్థిరపడ్డ మనలాంటి వాళ్ళు నవ్వుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో హైదరాబాద్ గెలిచింది. రెండు ఫైనల్సూ బొంబాయి మీదే. రెండోసారి పోటీలు జరిగింది హైదరాబాద్‌లోనే. అప్పటికి హైదరాబాద్ అనే రాష్ట్రమే లేదు. 1956 నవంబరు 1న అది మూడు ముక్కలై ఆంధ్రప్రదేశ్‌లో, మైసూరులో, బొంబాయిలో కలిసిపోయింది. రాష్ట్రం పోయినా జట్టు మాత్రం ఆ పేరుతోనే ఆడి గెలిచింది. అదే రోజు సిరొంచ తాలూకా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది. 1960లో మహారాష్ట్ర అయింది. 1982లో చంద్రపూర్ జిల్లా నుంచి విడిపోయి గడ్చిరోలి జిల్లా అయింది. తాత పుట్టినప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్, పెళ్ళప్పుడు మధ్యప్రదేశ్, పెద్దబాపు పుట్టినప్పుడు బొంబాయి, నేను పుట్టినప్పుడు మహారాష్ట్ర. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. కాగితాల ప్రకారం తాత బొంబాయి వాడు. కానీ ఆయన "మనోళ్ళు" అన్నది హైదరాబాద్ పోలీసుల్ని.

రహీం సాబ్ చేతిలో పెరిగినవాళ్ళ పేర్లు పిల్లలకు చెప్పండి. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు. పేదిల్లు. పోలీసులు వాడి పారేసిన బూట్లను చెప్పులు కుట్టే ఆయన సరిచేసి ఇస్తే వాటితోనే ఆడాడట. పీటర్ తంగరాజ్ ఆరడుగులు దాటిన గోల్‌కీపర్. యూసుఫ్ ఖాన్ ఇంకొకడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. నాలుగేళ్ళు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచారు. రెండుసార్లూ శిక్షకుడు రహీమే. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల బంగారు పతకం ఆయన కాలంలో వచ్చిందే. 1962లో జకార్తాలో మళ్ళీ బంగారం. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఫైనల్ రోజు మైదానం నిండా ఉన్న జనం మనకు ఎదురు. అయినా దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. ఆ ఆటలో తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ముగ్గురూ ఉన్నారు. తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో, రహీం సాబ్ పోయారు. 2024లో హిందీలో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే.

ఆయన పోయాక ఒక్కరోజులో ఏమీ కూలిపోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో కంచు తెచ్చిన జట్టుకు నాయకుడు హైదరాబాద్ సయ్యద్ నయీముద్దీన్. కానీ మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బుల బాట పట్టారు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. మహమ్మద్ హబీబ్ కూడా అంతే. 1977లో పీలే వచ్చి కాస్మోస్ తరఫున కలకత్తాలో ఆడినప్పుడు మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. డబ్బూ, పేరూ, చూసే జనమూ అక్కడున్నప్పుడు పోలీసు ఉద్యోగం కోసం ఎవరు ఆగుతారు? మన ఊళ్ళ నుంచి నాగ్‌పూర్, పుణె పోయిన కుర్రాళ్ళను మనం తప్పుపట్టగలమా? ఇదీ అంతే.

మైదానంలోకి మెల్లగా వేరేవి వచ్చాయి. ఒకటి క్రికెట్. ఇంకోటి సభలు. 1983 జనవరిలో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది ఇక్కడే. 2004లో, 2009లో రాజశేఖర రెడ్డి, 2023 డిసెంబరులో రేవంత్ రెడ్డి కూడా. క్రికెట్ 2005లో ఉప్పల్‌కు తరలిపోయింది. ఇండోర్ హాల్లో బ్యాడ్మింటన్ మాత్రం బాగా సాగింది. సైనా నెహ్వాల్ చిన్నప్పుడు మొదట నేర్చుకున్నది ఇక్కడే. వాటిలో దేన్నీ నేను తక్కువ చేయను. నేను కూడా సచిన్ ఆట చూసి అరిచినవాణ్ణే.

కానీ 2008లో జరిగింది మాత్రం గుచ్చుకుంటుంది. మేము చూసిన ఆ పోటీలో భారత్ ఫైనల్ చేరింది. ఫైనల్ హైదరాబాద్‌లోనే జరగాలి. వానలకు మైదానం ఆడే స్థితిలో లేదని దాన్ని ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చేశారు. ఆగస్టు 13న అక్కడ సునీల్ ఛెత్రీ మూడు గోల్స్ కొట్టాడు. తజికిస్తాన్ మీద 4-1తో గెలిచి 2011 ఆసియా కప్పుకు అర్హత తెచ్చుకున్నాం. రహీం సాబ్ ఊళ్ళో ఎత్తాల్సిన కప్పు వేరే ఊళ్ళో ఎత్తారు, కాళ్ళ కింద నేల బాగాలేదని! పేపర్లో చదివి, గొడుగు పట్టుకొచ్చిన ఆ ముసలాయన ఏమనుకున్నాడో అని చాలాసేపు ఆలోచించాను.

పోయిన చలికాలం నా బిడ్డను తీసుకుని పోయాను. నాగ్‌పూర్‌లో బడి జట్టుకు ఫుట్‌బాల్ ఆడుతుంది. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన ఎక్కినప్పుడు, తాత ఇక్కడ నావ దిగేవాడని చూపించాను. హైదరాబాద్‌లో అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే. బయటి నుంచి చూస్తే స్టేడియం అనిపించదు. చుట్టూ గోడనానుకుని దుకాణాలు. బూట్లు, బ్యాట్లు, ట్రాక్ సూట్లు వేలాడుతుంటాయి. గేటు దాటి లోపలికి పోతేనే ఆకాశం కనబడుతుంది. నాలుగు మూలలా దీపాల స్తంభాలు, మెట్లు మెట్లుగా సిమెంటు గ్యాలరీలు. సుమారు 25 వేల మంది పడతారు. మైదానం గుండ్రంగా క్రికెట్‌కు తగ్గట్టు ఉంది కాబట్టి ఫుట్‌బాల్ గీతలకూ జనానికీ మధ్య చాలా ఎడం. తాత కాలంలో గీత పక్కనే నిలబడేవారట. ఆటగాడి చెమట మీద పడేదని తాత చెప్పినట్టు నానమ్మ అనేది.

లోపల ఒక పక్కన పదిమంది కుర్రాళ్ళు బంతి ఆడుతున్నారు. నా బిడ్డ చాలాసేపు చూసి, "బాపూ, వాళ్ళు బంతి ఆపకుండా పాస్ ఇస్తున్నారు" అంది. రహీం సాబ్ సంగతులు అంతకుముందే రైల్లో చెప్పాను. అది నా గొప్పో, ఆ పిల్లల గొప్పో గానీ ఆ మాటకు కడుపు నిండింది.

తర్వాత అడిగింది. "హైదరాబాద్‌కీ బొంబాయికీ ఫైనల్ అయినప్పుడు మన టీమ్ ఏది?"

"తాతను అడగాల్సింది" అన్నాను.

"అడగలేదా?"

లేదు. మూడేళ్ళ టైముండి అడగలేదు. ఆ రోజు ఎవరెవరు ఆడారు, బంతి ఎట్లా ఉండేది, టికెట్ ఎంత, సావుకారు తిట్టలేదా, ఏదీ అడగలేదు. మనకు తెలియనిది తాతకు తెలిసి ఉంటుందని తట్టలేదు. సరిహద్దు ఊళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. మన పెద్దల జ్ఞాపకాలు ఏటికి అటువైపు ఉంటాయి, మన పుస్తకాలు ఇటువైపు ఉంటాయి. బడిలో మాకు శివాజీ కోటల పేర్లన్నీ కంఠతా వచ్చు. తాత చూసిన మైదానం పేరు పుస్తకంలో లేదు కాబట్టి అబద్ధమనుకున్నాం. మీ ఇళ్ళలో కూడా ఒక ముసలాయనో, ముసలామెో ఇట్లాంటి నమ్మబుద్ధి కాని మాట ఒకటి చెబుతూ ఉంటారు. నవ్వే ముందు ఊరి పేరు, ఏడాది అడిగి రాసి పెట్టుకోండి.

ఆ సాయంత్రం గ్యాలరీ మెట్ల మీద కూర్చుని పెద్దబాపుకు ఫోన్ చేశాను. ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. గట్టిగా చెప్పాను, "తాత చెప్పింది నిజమే పెద్దబాపూ. పోలీసోళ్ళు ఐదేళ్ళు కప్పు తెచ్చిన్రు బొంబాయి నుంచి. ఇది బంతాట మైదానమే."

అవతల కాసేపు చప్పుడు లేదు. లైను కట్ అయిందనుకున్నాను.

"ఆ రోజు నేను గూడ నవ్విన గదరా" అన్నాడు.